ఓడ రేటు పడేదాకా

నేను జీవితంలో ఏ వస్తువునూ మొదట చెప్పిన ధరకు కొనలేదు. ఆర్టీసీ బస్సులో కండక్టర్ నలభై అంటే కూడా అలవాటు కొద్దీ "ఆఖరి మాట చెప్పు" అంటాను. కాజీపేట బస్సుల్లో కండక్టర్లు నన్ను చూడగానే ఆఖరి మాటే ముందు చెబుతారు.

నా పేరు ఖలీల్. వరంగల్ చౌరస్తాలో దుప్పట్లు, నేల మీద పరిచే శత్రంజీలు అమ్ముతాను. దుకాణం ముందు 'భారీ తగ్గింపు, ఆఖరి మూడు రోజులు' అని బోర్డు ఉంటుంది. అది పెట్టి పదకొండేళ్లయింది. ఎండకు అక్షరాలు వెలిసిపోతే రెండుసార్లు రంగు కూడా వేయించాను.

అందువల్ల ధరల సంగతి నాకు ఎవరూ నేర్పనక్కర్లేదని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే ఈ కథంతా జరిగింది.

నవంబరులో మా పెళ్లయి ఇరవై ఐదేళ్లు నిండాయి. మా ఆవిడ సబియా సర్కారు బడిలో లెక్కలు చెబుతుంది. ఇన్నేళ్లలో నన్ను అడిగినవి తక్కువ. అడిగినవాటిలో నేను తెచ్చినవి ఇంకా తక్కువ. ఆ రోజు చాయ్ గ్లాసు నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"నాజియా అబ్బా, నేను సముద్రం చూడలే."

నాజియా మా అమ్మాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. ఆమె పుట్టినప్పటి నుంచీ మా ఆవిడకు నా పేరుతో పని పడలేదు.

"ధర్మసాగర్ పోదాం పా. రిజర్వాయర్ నిండుగున్నదట" అన్నాను.

"ధర్మసాగర్ నీళ్లు రోజూ మన నల్లాలనే వస్తాన్నయి. వాటిని చూసుటానికి బస్సెక్కాల్నా? నేను ఓడెక్కాలె. నాజియా లింకు పంపింది. బొంబాయి నుంచి లక్షదీవులకు పోయి వస్తది. నాలుగు రోజులు. గది, తిండి అన్నీ అండ్లనే. బాల్కనీ గదైతే, తలుపు తీస్తే సముద్రమే."

"ఎప్పుడు?"

"మేల. నాకు సెలవులు. వానలు పడ్డంక ఓడలు బందట."

"ఎంతట?"

"ఇద్దరికి డెబ్బై ఎనిమిది వేలు."

నేను నవ్వాను. అనుభవజ్ఞులు నవ్వే నవ్వు.

"ఓడ మేల ఉంటే ఇప్పుడే కొంటరా ఎవలన్న? ఇగో ఇక్కడ చూడు, 'ఇంకా మూడే గదులు మిగిలాయి' అని రాసిండు. నా దుకాణం ముంగట నేను రాసింది సుత గదే గద."

"అయితే?"

"ఓడ కదిలే ముంగట గదులు ఖాళీగుంటే ఏం చేస్తరు? సముద్రంల పారేస్తరా? అగ్గువకు ఇస్తరు. ఆఖరి వారం దాక ఆగుదాం."

"ఆఖరి వారం గదులు లేకుంటే?"

"ఉంటయి."

"మీకెట్ల ఎరుక?"

"ఇరవై ఏండ్ల సంది దుప్పట్లు అమ్ముతాన్న."

తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు సబియా నన్ను కాసేపు చూసింది.

"పోనీ, అండ్ల పేర్లన్న రాసి పెట్టనా? మీ పేరు, నా పేరు?"

"నా పేరు ఎక్కడ ఇయ్యకు! మనకు కావాల్నని తెలిస్తే రేటు పెంచుతరు."

"సరే" అని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. గ్లాసులో ఇంకా సగం చాయ్ ఉంది.

ఇలాంటి విషయాల్లో నా సలహాదారు సారంగపాణి. డోర్నకల్ జంక్షన్‌లో ముప్పై ఏళ్లు టికెట్లు ఇచ్చి రిటైరయ్యాడు. రోజూ పదకొండింటికి నా దుకాణానికి వచ్చి కొత్త శత్రంజీ మీద కూర్చుంటాడు. కాబట్టి అది ఇప్పుడు కొత్తది కాదు. బజారంతా ఆయన్ని 'ఎంక్వైరీ సారంగపాణి' అంటుంది. ఏది అడిగినా జవాబు ఉంటుంది. అది సరైన జవాబు అయి ఉండాలని రూలేమీ లేదు.

"ఓడంటే ఏంది ఖలీల్ భాయ్? నీళ్ల మీద రైలు. రైలుకు తత్కాల్ ఉన్నట్టే దానికీ ఉంటది. ఆఖర్లనే తీసుకోవాలె" అన్నాడు.

"తత్కాల్‌ల రేటు ఎక్కువ గద సాబ్?"

"అది నేల మీద. నీళ్ల మీద ఉల్టా."

నాకు సబబుగానే తోచింది.

"అది సరే గాని, రోజుకు ఎన్నిసార్లు చూస్తాన్నవ్ రేటు?" అని అడిగాడు.

"ఐదారుసార్లు."

"సత్తెనాశ్! నువ్వు చూస్తాన్నవని దానికి ఎరుకైతది భాయ్. ఫోనుకు చెవులుంటయి. ఇంట్ల కూసొని 'ఓడ' అన్నవనుకో, ఆడ బొంబాయిల రేటు ఎక్కుతది."

నేను గుడ్డిగా నమ్మేవాణ్ణి కాదు. పరీక్షించాను. ఆ సాయంత్రం ఫోనును బల్ల మీద పెట్టి, దగ్గరగా వంగి "ఓడ, ఓడ, ఓడ" అన్నాను. మర్నాటికి రేటు ఎనభై నాలుగు వేలు. సబియా గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

ఇంట్లో ఆ మాట నిషేధించాను. దానికి బదులు ఇంకో మాట కావాలి. పెద్దది, నెమ్మదిగా కదిలేది, నీళ్లలో ఉండడానికి ఇష్టపడేది. బాగా ఆలోచించి 'బర్రె' అని పెట్టాను. గది అంటే కొట్టం. బాల్కనీ గది అంటే కిటికీ కొట్టం. ఓడలో పెట్టే భోజనం దాణా. ఈ చివరిదాన్ని సబియా ఒప్పుకోలేదు గాని, మెజారిటీతో నెగ్గాను. సారంగపాణి ఓటు నాకు పడింది.

ఇక రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజ్ కాగానే ఇద్దరం మా రెండో అంతస్తు బాల్కనీలో చాయ్ గ్లాసులతో కూర్చునేవాళ్లం. నేను ఫోను తెరిచేవాణ్ణి.

"ఇయ్యాల బర్రె ఎట్లున్నది?" అనేది సబియా.

"ఎనభై ఒకటి. జర దిగింది."

"తీసుకుందామా మరి?"

"ఆగు. దిగుడు షురువైంది. ఇంక దిగుతది."

వారం తిరిగేసరికి ఎనభై తొమ్మిది అయింది.

"ఎక్కింది గద" అంది.

"ఎక్కింది దిగకపోతదా?"

"గ్యాస్ సిలిండర్ దిగిందా?"

అలాంటి ప్రశ్నలకు నేను జవాబు చెప్పను. ఫొటోలు చూపిస్తాను. దీవులు, తెల్లటి ఇసుక, ఆకుపచ్చ నీళ్లు. ఆ పచ్చ రంగు నిజమా, ఫొటోలో వేసిందా అని ఒక రోజంతా వాదించుకున్నాం. ఇంకో రోజు, "సముద్రం రాత్రంతా చప్పుడు చేస్తదట. నిద్ర పడ్తదా?" అని అడిగింది. "మన ఫ్యాను చప్పుడుకు పడ్తాంది గద, దానికి పట్టదా?" అన్నాను. చాయ్ అయిపోయినా కూర్చునేవాళ్లం.

ఫిబ్రవరికి లక్ష దాటింది. ఏప్రిల్‌కు లక్షా పన్నెండు. నాకు లోపల గుబులు మొదలైంది. విచిత్రం ఏమిటంటే సబియాలో ఫికర్ అన్నది లేదు. హాయిగా పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. భర్త మీద అంత నమ్మకం ఉన్న భార్య ఎందరికి దొరుకుతుందని గర్వపడ్డాను.

అప్పుడు మొగిలమ్మ వచ్చింది. అంటే రోజూ వచ్చేదే. ధర్మసాగర్ నుంచి పొద్దున్నే ఆటోలో క్యాన్లతో వచ్చి పద్నాలుగేళ్లుగా మాకు పాలు పోస్తోంది. ఆ పూట ఆమె గుమ్మంలో పాలు కొలుస్తుంటే నేను సారంగపాణితో ఫోన్లో మాట్లాడుతున్నాను.

"లక్షా పన్నెండు అయితె బర్రె వద్దు సాబ్. లక్షలోపు రావాలె. దాణా అండ్లనే. కొట్టానికి మాత్రం కిటికీ ఉండాలె, మా ఆమె లేవంగనే కండ్లకు కనవడాలె. ఆఖరి వారంల ఎట్లన్న తీసుకుందాం."

మొగిలమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"సేటూ, నా పాలల్ల ఏం తక్కువైంది?"

"ఏం తక్కువ కాలే మొగిలమ్మా."

"మరి నీళ్లు ఎక్కువైనయా?"

"అది అలవాటైంది."

"మరి బర్రెను ఎందుకు కొంటాన్నవ్?"

చెప్పాలంటే ఓడ మాట ఎత్తాలి. ఫోను చేతిలోనే ఉంది, అవతల లైను కూడా తెగలేదు. పది రోజుల్లో ప్రయాణం పెట్టుకుని ఇప్పుడు రేటు పెంచుకోవడం ఎందుకని నోరు మెదపలేదు. మొగిలమ్మ కొంగుతో కళ్లొత్తుకుని వెళ్లిపోయింది. మర్నాడు పాలు చిక్కగా ఉన్నాయి.

మూడో రోజు ఆదివారం. పొద్దున ఏడింటికి కింద గోల వినిపించి దిగి చూస్తే, మా అపార్ట్‌మెంట్ కారు పార్కింగ్‌లో నల్లగా నిగనిగలాడుతూ ఒక బర్రె నిలబడి ఉంది. దాని పక్కన రెండు దాణా బస్తాలు. వాటి పక్కన మొగిలమ్మ, ఆమె అన్న సారయ్య. చుట్టూ మూడు అంతస్తుల జనం.

"మా చెల్లె చెప్పింది సేటూ" అన్నాడు సారయ్య. "బయట కొంటవట. బయట మోసం చేస్తరు. ఇది ముర్రా జాతి. పూటకు ఆరు లీటర్లు. దాణా అండ్లనే అన్నవట, తెచ్చిన. కిటికీ కొట్టం అన్నదే మాకు సమజ్ కాలే."

"పద్నాలుగేండ్లు పాలు పోసిన. ఎట్లన్న కొనేటోనివి, మా ఇంటి బర్రెనే కొను" అంది మొగిలమ్మ.

అపార్ట్‌మెంట్ అధ్యక్షుడు రమాకాంత్ గారు బనీను మీద కండువా కప్పుకుని వచ్చి, బర్రెను పొడవూ వెడల్పూ చూశారు. "ఖలీల్ గారూ, ఫ్లాటుకు ఒకటే పార్కింగ్. దీన్ని పెడ్తె మీ స్కూటర్ తియ్యాలె."

తెలివైనవాడైతే అక్కడ ఒక్క మాట అనేవాడు. వద్దు అని. నేనూ అదే అనబోయాను. ఈలోగా సారయ్య "లక్షా పదిహేను" అన్నాడు.

ఎదుటివాడు ధర చెప్పాక ఊరుకోవడం నాకు చేతకాదు.

"లక్షా పదిహేనా? కొమ్ములు చూడు, ఎట్ల వంకర తిరిగినయో!"

"ముర్రాకు కొమ్ములు అట్లనే ఉంటయి సేటూ."

"ఎనభై."

"లక్షా అయిదు."

"తోక పొట్టిగున్నది."

"తోకతోని పాలు పిండుతవా?"

జనం నవ్వారు. నాకు పట్టుదల వచ్చింది. పళ్లు చూశాను, గిట్టలు చూశాను, దాని చూపు బాగా లేదన్నాను. చివరికి సారయ్య నుదురు తుడుచుకుని, "తొంభై ఆరు. ఇది ఆఖరి మాట. ఇగ దిగ" అన్నాడు. పది నిమిషాల్లో పందొమ్మిది వేలు దించాను. నాకు అక్కర్లేని వస్తువు మీద.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. సారంగపాణి రొప్పుతున్నాడు. బర్రె, కొట్టం అన్నీ మరిచిపోయాడు.

"భాయ్! పడ్డది! ఎవలో క్యాన్సిల్ చేసుకున్నరు. బాల్కనీది ఒక్కటే ఉన్నది. తొంభై ఆరు!"

ఐదు నెలల ఎదురుచూపు. నేను నిలబడ్డచోటే గెంతాను.

"తొంభై ఆరా? ఖాయం! తీసుకుంటాన్న! ఇంకో మాట లేదు!"

సారయ్య పలుపు తెచ్చి నా చేతిలో పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. మొగిలమ్మ "సల్లగుండు సేటూ" అంది.

"నీకు ఓటీపీ వచ్చింది చూడు, జల్ది చదువు!" అని అరుస్తున్నాడు సారంగపాణి. నా కార్డు నంబరు ముందుజాగ్రత్తగా ఆయనకు ఇచ్చి ఉంచాను. ఒక చేత్తో పలుపు, ఒక చేత్తో ఫోను పట్టుకుని, "నాలుగు... ఏడు..." అని మొదలుపెట్టాను. రమాకాంత్ గారు తన కారు పక్కకు తీద్దామని చేతిలో రిమోటు నొక్కారు. కారు కుయ్యిమంది. బర్రె అదిరిపడి ముందుకు దూకింది. దానితో పాటు నేనూ దూకాను. ఫోను మాత్రం పైకి లేచి, మూత తీసి ఉన్న మొగిలమ్మ క్యాన్‌లో పడింది.

మిగిలిన నాలుగు అంకెలూ పాలలో కలిశాయి.

వాచ్‌మన్ ఫోను అడిగి సారంగపాణికి చేసేసరికి అయిపోయింది. "పాయె భాయ్. ఎవలో తీసుకున్నరు. ఇగ బాల్కనీ గదులు లేవు."

నేను దాణా బస్తా మీద కూలబడ్డాను. ఓడ పోయింది. నేను ఓడిపోయాను. రెండు మాటలకూ తేడా ఒక్క గుడి.

సబియా మెట్లు దిగి వస్తోంది. ఆమెను చూడగానే బేరం మాటలన్నీ మరిచిపోయాను. తమాషాకు చెప్పడం లేదు. ఇరవై ఐదేళ్లకు ఒక్కటి అడిగింది. అది అప్పుడే, అక్కడే, చేతికి అందేలా ఉంది. నేను బేరానికి కూర్చున్నాను.

"సబియా, మాఫ్ చెయ్యి. ఓడ పోయింది" అన్నాను. ఐదు నెలల్లో ఇంట్లోవాళ్లతో 'ఓడ' అని పైకి అనడం అదే మొదలు.

ఆమె ముందు మొగిలమ్మను, సారయ్యను పక్కకు పిలిచి రెండు నిమిషాల్లో సంగతి చెప్పింది. మొగిలమ్మ నవ్వీ నవ్వీ స్తంభం పట్టుకుని కూర్చుండిపోయింది. సారయ్య నవ్వలేదు.

"నలుగుట్ల మాటిచ్చిండు బేగమ్మా."

"ఇచ్చిండు అన్నా. తప్పు మాదే. బర్రెను తోలుకపో, దుకాణంకెల్లి నాలుగు మంచి శత్రంజీలు పట్టుకపో."

"ఆరు."

"ఆరు తీస్కో."

బేరం అంతే. ఐదు అని ఉండాల్సిందని నేను నోరు తెరిచాను. సబియా నా వైపు చూసింది. మూశాను.

బర్రె వెళ్లిపోయాక ఆమె నా పక్కన రెండో బస్తా మీద కూర్చుంది.

"ఓడ ఎక్కడికి పోలే. మీరు మూడు గదుల ముచ్చట చెప్పిన్రు సూడుండ్రి, ఆ రోజు పొద్దుమీకే తీసుకున్న. నా జీతం పైసలు. డెబ్బై ఎనిమిది వేలకు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. సిగ్గు కూడా వచ్చింది గాని, ముందు ప్రాణం వచ్చింది.

"బాల్కనీదా?"

"బాల్కనీదే."

"ఇద్దరికా?"

"ఇద్దరికి."

"అల్‌హందులిల్లా! నీకొకటి, నాకొకటి."

"నాకొకటి. మా అమ్మీకొకటి."

"మరి నాది?"

"మీ పేరు ఎక్కడ ఇయ్యొద్దన్నరు గద."

మా అత్తగారు ఫాతిమా బేగం ములుగులో ఉంటుంది. డెబ్బై రెండేళ్లు. ఫిబ్రవరిలోనే ఓడ కోసం జారని చెప్పులు కొనుక్కుందట. తను ఓడెక్కుతున్నట్టు ములుగు బస్టాండులో జీపు డ్రైవర్లకు కూడా తెలుసట. ఫోను వింటుందని భయపడ్డాను గాని, ములుగంతా విన్నది నా చెవిన పడలేదు.

నేను సారంగపాణి ఇంటికి పరుగెత్తాను. ఆయన ఫోనులో వెతికితే లోపలి గదులు ఉన్నాయి. కిటికీ ఉండదు. పైగా ఒక్కడు ఉన్నా ఇద్దరి రేటు కట్టాలట. ఈ సంగతి ఎంక్వైరీలో ఇంతకుముందు రాలేదు.

"ఫికర్ చెయ్యకు భాయ్, నేనొస్త. సగం సగం" అన్నాడు సారంగపాణి.

అలా ఆఖరి వారంలో, నేను మొదటి నుంచీ చెప్పిన ఆఖరి వారంలోనే, కిటికీ లేని గదికి ఎనభై ఆరు వేలు పెట్టి సారంగపాణితో కలిసి ఓడెక్కాను.

ఆ గదిలో లైటు వేస్తే పగలు, ఆపితే రాత్రి. స్విచ్చు సారంగపాణి మంచం వైపు ఉంది. ఓడ కాస్త ఊగినప్పుడల్లా "ఏ స్టేషన్ భాయ్?" అనేవాడు. మొదటి రోజు నేను సముద్రాన్ని భోజనాల హాల్లో, ఇడ్లీ ప్లేట్ల వరసకు అవతల కొంచెం చూశాను.

రెండో రోజు పొద్దున సబియా చాయ్ తాగడానికి పైకి పిలిచింది. తొమ్మిదో అంతస్తు. గదిలో మా అత్తగారు తస్‌బీహ్ పూసలు తిప్పుకుంటోంది. నేను బాల్కనీలోకి వెళ్లాను. సబియా రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంది. దుపట్టా గాలికి ఎగిరిపోకుండా రెండు చుట్లు చుట్టుకుంది. ఎటు చూసినా నీళ్లు తప్ప ఇంకేమీ లేవు.

"ఎట్లున్నది?" అన్నాను.

"పెద్దగున్నది."

"చప్పుడుకు నిద్ర పట్టిందా?"

"పట్టలే. పట్టాల్నని సుత లేకుండె."

నన్ను ఒక మాట తొలుస్తోంది. అడిగేశాను.

"నవంబర్‌లనే తీసుకుంటివి. మరి రోజూ పొద్దున ఏమెరుగనట్టు 'ఎట్లున్నది, తీసుకుందామా' అని ఎందుకు అడిగినవ్?"

ఆమె నీళ్ల వైపే చూస్తూ చెప్పింది. "పెండ్లయినకాన్నుంచి పొద్దున లేవంగనే మీరు నన్ను అడిగింది దుకాణం తాళాలు ఏడున్నయని. ఈ ఐదు నెలలే రోజూ నా పక్కన కూసొని చాయ్ తాగిన్రు. టికెట్ తీసుకున్న అంటె అది బందైతది గద."

నా చాయ్ చల్లారిపోయింది. ఆమె నా గ్లాసు తీసుకుని, తన గ్లాసులోది సగం అందులో పోసి ఇచ్చింది.

"ఎవలే సబియా? దామాదా?" అని లోపలి నుంచి మా అత్తగారు కేకేసింది. "కూసొమ్మను బిడ్డా. ఆ మెత్త కుర్చీల మాత్రం వద్దను, అది నాది."

మిగతా రోజులు పొద్దున పూట మామూలు కుర్చీలో కూర్చున్నాను.

ఆఖరి రోజు సారంగపాణి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "భాయ్! వచ్చే ఏడాదికి ఓడలనే బుక్ చేసుకుంటె అగ్గువట! కింద టేబుల్ పెట్టిన్రు. తొందరపడకు. దిగే ముంగట ఇంక తగ్గిస్తరు."

ఆయన మాట పూర్తయ్యేలోపు నేను లిఫ్టులో ఉన్నాను. టేబుల్ దగ్గర ఓడ ఉద్యోగి, ఒక విజయవాడ అమ్మాయి కూర్చుని ఉంది. రేటెంత అని కూడా అడక్కుండా, సబియా పేరు చెప్పి, బాల్కనీ గది కావాలన్నాను.

ఆ అమ్మాయి కంప్యూటర్ చూసి నవ్వింది. "మేడమ్ గారు మొదటి రోజే చేయించేశారండి."

నేను టేబుల్ మీదికి వంగాను. "నా పేరు ఉందా అమ్మా అందులో? ఖలీల్."

ఆమె కిందికీ పైకీ వెతికింది. చాలాసేపు వెతికినట్టనిపించింది.

"ఉందండి. బాల్కనీ గదే. మేడమ్ గారికీ, వాళ్ల అమ్మగారికీ మంచాలు. మీకు సోఫా."

సోఫా పొడవెంతో అడగలేదు. థాంక్స్ చెప్పి, లిఫ్టు కోసం కూడా ఆగకుండా, తొమ్మిదో అంతస్తుకు మెట్లెక్కాను.